గోధుమరంగు తొడుగు

"నాలుగింటికి వ్యాను వస్తుంది. అప్పటిదాకా ఈ అమ్మాయి మీది. ఆ తర్వాత నాది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇప్పుడెంతయింది?"

"మూడు దాటింది. మీ చేతికున్నది మామగారు పెట్టిన గడియారమేగా? నాకు పెట్టినదానికంటే ఖరీదైంది. చూసుకోండి అన్నయ్యగారూ."

జల్లెడ నవ్వలేదు. పాతికేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టి, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్న మనిషి. చేతికందిన ప్రతి సంగతినీ జల్లించి గానీ వదలడని కంపెనీలో పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. ఇన్‌స్పెక్టర్ అతనికి తోడల్లుడు. ఒకే ఇంటికి ఇతను పెద్దల్లుడు, అతను చిన్నల్లుడు. పదేళ్ళుగా ఇద్దరూ ఒక్క విషయంలో కూడా ఒక మాట మీదికి రాలేదు.

గోడవారగా స్టూలు మీద నర్సు కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. ఈ యాంటీఆక్సిడెంట్ సెంటర్లో చేరి వారమైంది. మొన్న ఆమె చేతి మీదుగా డ్రిప్ ఎక్కించుకుంటూ, ఆమె ఇచ్చిన ఇన్సులిన్‌తో టైల్స్ వ్యాపారి ఒకాయన చనిపోయాడు. నిన్న పొద్దున ఆమె అత్తగారు జల్లెడ ఆఫీసుకొచ్చి, "మా కోడలికి నోరు ఎక్కువే గానీ చెయ్యి తప్పు చెయ్యదు బాబూ" అని బల్ల గుద్ది చెప్పింది. కోడల్ని వెనకేసుకొచ్చిన అత్తగారిని తన సర్వీసులో మొదటిసారి చూశాడు జల్లెడ. మారు మాట్లాడకుండా కేసు తీసుకున్నాడు.

"మొదట్నుంచీ చెప్పమ్మా. ఏదీ వదలకు."

"ఎన్నిసార్లు చెప్పను సార్? పోలీసులకి నాలుగుసార్లు చెప్పాను."

"నాకు ఐదోది. చెప్పు."

ఆమె గొంతు సవరించుకుంది. "మొన్న పొద్దున డాక్టర్‌గారు కాన్ఫరెన్సుకి వెళ్తూ నన్ను పిలిచారు. డ్రిప్ గదిలో ట్రేలో షుగర్ మీటరు పెట్టాను, డ్రిప్ సగం అయ్యాక పేషెంటుకి చూసి నాకు ఫోన్ చెయ్యి అన్నారు. టైల్స్ ఆయన రాగానే డ్రిప్ పెట్టాను. సగమయ్యాక వేలు పొడిచి చూస్తే నాలుగొందల ఎనభై. పేషెంటుకి షుగర్ ఇంత ఉంది సార్ అని ఫోన్ చేశాను. ఇరవై యూనిట్లు ఇవ్వు, డ్రిప్ మాత్రం ఆపొద్దు అన్నారు. ఇచ్చాను. కాసేపటికి ఆయనకి చెమటలు. మళ్ళీ చూశాను. ఐదొందల పన్నెండు. మళ్ళీ ఫోన్ చేశాను. ఇంకో ఇరవై అన్నారు."

"ఇచ్చావు."

"ఇచ్చాను." ఆమె తల వంచుకుంది. "ఆయన మరి కళ్ళు తెరవలేదు."

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో ముందుకు వంగాడు. "కథ బాగుంది కదా? ఇప్పుడు నాది వినండి. అంబులెన్సు వాళ్ళు తీసిన రక్తాన్ని ఆస్పత్రి ల్యాబులో చూశారు. షుగర్ పంతొమ్మిది. మనిషి బతికే అంకె కాదు. ఐదొందల పన్నెండు ఎక్కడ, పంతొమ్మిది ఎక్కడ? ఒకే మనిషికి, ఒకే గంటలో! ఈవిడ ఏదో తీపి వస్తువు తాకిన వేలితో స్ట్రిప్పు మీద అంకె తెప్పించింది. దాన్ని అడ్డం పెట్టుకుని ఇన్సులిన్ పొడిచింది. మీటర్లో ఉన్నవి రెండే రీడింగులు. వాటి తేదీ చూశారా? జనవరి ఒకటి! తేదీ కూడా మార్చేసింది. కొత్తగా చేరిన మనిషికి ఇంత తెలివి."

"ఎందుకు చంపుతుంది?"

"అది స్టేషన్లో చెప్తుంది."

"అంటే నీకు తెలీదు."

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. "అత్తగారింట్లో పెద్దల్లుడి మాటకి ఎదురు లేదు, ఒప్పుకుంటా. ఇక్కడ మాత్రం మాట నాది."

జల్లెడ అది విననట్టే నర్సు వైపు తిరిగాడు. "డాక్టరు కాన్ఫరెన్సు నుంచి ఎప్పుడొచ్చాడు?"

"అంబులెన్సు వచ్చేటప్పటికే వచ్చేశారు సార్. పరిగెత్తుకుంటూ గదిలోకొచ్చి కుర్చీలో ఆయన్ని చూశారు. ఈయనెందుకున్నాడు ఇక్కడ అన్నారు."

"ఏమైంది అనలేదా?"

"లేదు. ఈయనెందుకున్నాడు అనే అన్నారు. రెండుసార్లు."

జల్లెడ ఆ మాటను మనసులో ఒక పక్కన పెట్టుకున్నాడు.

*

డాక్టరు వరండాలో ఎదురయ్యాడు. నలగని చొక్కా, నెమ్మదైన గొంతు. చేతిలో గుడ్డ కప్పిన ట్రే.

"ఇంకా ఎంతసేపండీ? మూడు రోజులుగా ఆ గదికి సీలు వేసి కూర్చున్నారు. నా పేషెంట్లు ఏమైపోవాలి?"

"రెండు ప్రశ్నలు డాక్టర్‌గారూ. మీ డ్రిప్‌లో ఏముంటుంది?"

ఈ ప్రశ్న ఆయనకి ఇష్టమైనదే. "విటమిన్ సి. మామూలు మాత్రలో ఉండేదానికి వందల రెట్లు. షుగర్ జబ్బంటే రక్తంలో తీపి పెరగడమొక్కటే అనుకుంటారు జనం. ఆ తీపి కణాల్లోకి మితిమీరి చేరితే అక్కడ ఆక్సిజన్ దారి తప్పుతుంది, కనిపించినదాన్నల్లా కాల్చుకుంటూ పోతుంది. ఇనుముకి తుప్పు పట్టినట్టే అనుకోండి. రక్తనాళాలు, నరాలు, కళ్ళు, ఇన్సులిన్ తయారుచేసే కణాలు, అన్నిటికీ అదే తుప్పు. ఇన్సులిన్ తగ్గితే తీపి ఇంకా పెరుగుతుంది, తీపి పెరిగితే తుప్పు ఇంకా పెరుగుతుంది. మా మందు దాన్ని మధ్యలో తెంపుతుంది."

"తెంపుతుందా? తెంపుతుందని మీ నమ్మకమా?"

డాక్టరు చిరునవ్వు కాస్త బిగిసింది. "పరిశోధనలు జరుగుతున్నాయి."

"రెండో ప్రశ్న. మీటరు మీరే పెట్టారట?"

"నేనా? మా డ్రిప్ గదిలో వేలు పొడిచే మీటరు ఉండదు. షుగర్ చూడాలంటే ల్యాబు మిషన్ మీదే చూస్తాం. అది ఇక్కడ మొదట్నుంచీ ఉన్న పద్ధతి, ఎవర్నైనా అడగండి. ఆ అమ్మాయి ఫోన్లో అంకె చెప్పింది. ల్యాబులో చూసిందనుకున్నాను. ఆ అంకెకి ఏ డాక్టరైనా అదే మోతాదు చెప్తాడు." ఆయన ట్రే సర్దుకుని మెట్ల వైపు కదిలాడు. "క్షమించాలి, నాకు పని ఉంది."

ఇన్‌స్పెక్టర్ జల్లెడ చెవి దగ్గరికి వంగాడు. "విన్నారుగా? డాక్టరు మాటకీ నర్సు మాటకీ పొంతన లేదు. కోర్టు ఎవర్ని నమ్ముతుందంటారు?"

"గది తెరువు," అన్నాడు జల్లెడ.

*

చిన్న గది. రెండు వాలు కుర్చీలు, రెండు స్టాండ్లు, మూల ఒక అలమర. అలమర పక్కన అత్యవసరానికి వాడే ఎర్ర పెట్టె. మందుల వాసన గదిలో నిలవుండిపోయింది.

కిటికీ దగ్గరున్న కుర్చీ మామూలుది. లోపలివైపున్న కుర్చీకి మెత్తటి దిండు, కాళ్ళ కింద పీట, చేతుల మీద ఊలు శాలువ.

"ఆయన కూర్చున్నది దేంట్లో?"

నర్సు గుమ్మంలోనే ఆగిపోయింది. లోపలివైపు కుర్చీని వేలితో చూపించింది.

"శాలువ ఆయనదా?"

"కాదు సార్, పెద్ద మేడమ్‌ది. డాక్టర్‌గారి అక్కగారు. ఈ బిల్డింగూ, సెంటరూ ఆవిడవే. ఆవిడకీ షుగరుంది. ఆ రోజు పది గంటలకి ఆవిడ రావాలి. రాలేదు. టైల్స్ ఆయన మాత్రం తొందరగా వచ్చేసి, నేను ఊరెళ్ళాలి, ముందు నాకు పెట్టెయ్ అని గోల చేశారు. ఆవిడ కుర్చీలో కూర్చునేశారు కూడా."

"డ్రిప్ సంచీ నువ్వే కలిపావా?"

"లేదు. కలిపి, స్టాండుకి తగిలించి రెడీగా ఉంది. డాక్టర్‌గారే పొద్దున కలిపి వెళ్ళారు."

జల్లెడ స్టాండు దగ్గరికి నడిచాడు. ఖాళీ అయిన సంచీ ఇంకా అక్కడే వేలాడుతోంది. పైనుంచి కిందదాకా గోధుమరంగు ప్లాస్టిక్ తొడుగు. అడుగున ట్యూబులో వేలెడు పొడవు ద్రవం మిగిలిపోయి ఉంది.

"దీన్ని తీసుకెళ్ళలేదేం?" అని ఇన్‌స్పెక్టర్‌ని అడిగాడు.

"మీటరు తీసుకెళ్ళాం, సిరంజి తీసుకెళ్ళాం, ఇన్సులిన్ సీసా తీసుకెళ్ళాం. అదొట్టి విటమినండీ! విటమిన్ని కూడా అరెస్టు చెయ్యమంటారా?"

జల్లెడ జేబులోంచి చిన్న పౌచ్ తీశాడు. అందులో మీటరు, స్ట్రిప్పులు, పొడుచుకునే సూది. ఎనిమిదేళ్ళుగా అతనికీ షుగరే.

"మీరు తీసుకెళ్ళిన మీటరూ ఈ కంపెనీదేనా?" అని ఇన్‌స్పెక్టర్‌ని అడిగాడు.

"ఇదే. అయితే?"

"మీటర్లో రెండే రీడింగులున్నాయన్నావు. జనవరి ఒకటి తేదీతో. నేను కొత్తది కొన్నప్పుడూ అంతే, తేదీ పెట్టుకునేదాకా జనవరి ఒకటే చూపించింది. ఆ అమ్మాయి తేదీ మార్చలేదు తమ్ముడూ, అసలెవరూ పెట్టలేదు. ఆ మీటరు ఆ రోజే డబ్బాలోంచి బయటికొచ్చింది. మీటర్లు ఉండని గదిలోకి కొత్త మీటరు ఎలా వచ్చింది?"

"ఆవిడే తెచ్చుకుంది."

"సరే. ఇది చూడు."

వేలు పొడుచుకున్నాడు. మొదటి చుక్క స్ట్రిప్పుకి ఆనించాడు. నూట ముప్పై రెండు. రెండో చుక్కలో అలమరలోని కొత్త సెలైన్ సీసా నుంచి ఒక బొట్టు కలిపి చూశాడు. రక్తం పలచబడింది, అంకె ఎనభైకి దిగింది.

"ఉప్పు నీళ్ళు కలిపితే తగ్గింది. న్యాయమే కదా?"

"న్యాయమే. నాలుగవుతోంది."

జల్లెడ మూడో చుక్క తీశాడు. డ్రిప్ ట్యూబు చివర నొక్కి, మిగిలిన ద్రవంలోంచి ఒక్క బొట్టు కలిపాడు. స్ట్రిప్పుకి ఆనించాడు. మీటరు అంకెలు వెయ్యలేదు. తన లెక్కకి అందనంత ఎక్కువని చెప్పే 'హై' అన్న గుర్తు చూపించి ఊరుకుంది.

ఇన్‌స్పెక్టర్ మీటరు లాక్కుని చూశాడు. వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పాడు.

"సంచీలో గ్లూకోజు కలిపి ఉంటారు," అన్నాడు చివరికి.

"గ్లూకోజే ఎక్కించి ఉంటే ఆస్పత్రిలో పంతొమ్మిది ఎందుకొస్తుంది?"

ఇన్‌స్పెక్టర్ మీటరు తిరిగి ఇచ్చేశాడు.

"స్ట్రిప్పుల డబ్బాలో ఒక కాగితం ఉంటుంది. చీమ తలకాయంత అక్షరాలు. అది చదివేవాడు దేశం మొత్తం మీద నేనొక్కడినేనని మీ వదిన వెక్కిరిస్తుంది. అందులో రాసుంటుంది, విటమిన్ సి ఎక్కువగా ఎక్కించుకున్నవాళ్ళు ఈ మీటరుని నమ్మొద్దని. గ్లూకోజు నుంచి వచ్చే ఎలక్ట్రాన్లను లెక్కపెట్టి ఇది అంకె వేస్తుంది. విటమిన్ సి పనే ఎలక్ట్రాన్లు ఇచ్చెయ్యడం. ఒంట్లో తుప్పుని ఆపేది కూడా అలాగేగా! ఆ ఎలక్ట్రాన్లను కూడా ఇది షుగరు ఖాతాలోనే వేసేస్తుంది. ఆ రోజు ఆయన షుగరు పెరగనే లేదు. ఇన్సులిన్ పడేకొద్దీ అడుక్కి జారిపోతోంది. డ్రిప్ ఆగనంతసేపూ మీటరు మాత్రం ఐదొందలని అరుస్తూనే ఉంది."

"డ్రిప్ ఆపొద్దు అన్నారు," అంది నర్సు గుమ్మంలోంచి. "రెండుసార్లూ అదే చెప్పారు."

"ఈ గదిలో మీటరు ఉండకూడదని పద్ధతి పెట్టిన డాక్టరుకి ఈ సంగతి తెలీదంటావా?" అన్నాడు జల్లెడ.

ఇన్‌స్పెక్టర్ గదిలో అటూ ఇటూ రెండడుగులు వేశాడు. అతను మొండివాడే గానీ మొద్దు కాదు. "ఆగండి. డాక్టరే చేశాడనుకుందాం. టైల్స్ ఆయన్నెందుకు చంపుతాడు? వారం వారం వచ్చే పేషెంటు. పైగా ఇద్దరూ స్నేహితులు."

"అదే నాకూ అంతుపట్టలేదు, ఇప్పటిదాకా." జల్లెడ తల ఎత్తి సంచీ వైపు చూశాడు. "అమ్మాయ్, ఈ తొడుగెందుకు?"

"వెలుతురు తగిలితే మందు పాడైపోతుంది సార్. కలపగానే తొడుగు వేసేస్తారు."

"లోపల పేరు రాసిన చీటీ ఉంటుందా?"

ఆమె మొహం పాలిపోయింది. "ఉంటుంది... పెట్టేముందు తొడుగెత్తి చూడాలి. ఆయన తొందరపెడుతున్నారు. రెడీగా ఉన్నది ఆయనదే అనుకున్నాను. నేను... నేను ఎత్తి చూడలేదు."

జల్లెడ తొడుగుని పైకి లాగాడు. సంచీ మీద తెల్ల చీటీ. దాని మీద డాక్టరు చేతిరాత. టైల్స్ ఆయన పేరు కాదు. పెద్ద మేడమ్ పేరు. మోతాదు మామూలుదానికి మూడింతలు.

"ఈయనెందుకున్నాడు ఇక్కడ," అన్నాడు జల్లెడ నెమ్మదిగా. "ఆ కుర్చీలో ఉండాల్సింది అక్క. ఫోన్లో ఈ అమ్మాయి పేషెంటు అంది, పేరు చెప్పలేదు. అతను అడగలేదు. అడగాల్సిన పనేముంది, అక్కే అనుకున్నాడు. అక్కాతమ్ముళ్ళకి గొడవలేమైనా ఉన్నాయా అమ్మా?"

"వారం క్రితం పెద్ద గొడవైంది సార్. పేషెంట్లతో షుగరు మాత్రలు మానిపిస్తున్నారని ఆవిడకి తెలిసిపోయింది. తుప్పు సంగతి నిజమే కావచ్చు, మాత్రలెందుకు మానిపించావురా అని హాల్లో అందరి ముందూ అడిగేశారు. నెలాఖరుకల్లా సెంటరు మూసెయ్యాలన్నారు. దానికి కాగితాలు రాయడానికి రేపు లాయరు వస్తున్నాడని కూడా విన్నాను."

"రేపా!" జల్లెడ చటుక్కున వెనక్కి తిరిగాడు. "ఆవిడ ఇప్పుడెక్కడుంది?"

జవాబు ఇన్‌స్పెక్టర్ దగ్గర ఉంది.

"పైన. ఇల్లు పై అంతస్తులోనే. మొన్న అక్కకి డ్రిప్ తప్పిపోయింది, ఇవాళ ఇంట్లోనే పెడతానని పొద్దున డాక్టరు నా పర్మిషన్ అడిగాడు." అప్పటికే గుమ్మం వైపు తిరిగాడు. "నేనే సరేనన్నాను."

గుడ్డ కప్పిన ట్రే.

ఏళ్ళ తరబడి షుగరున్న మనిషి ఇంట్లో, నిద్రలో పోతుంది. సర్టిఫికెట్టు రాసేది తమ్ముడే. పోస్టుమార్టం అడిగేవాడెవడు?

"ఆ ఎర్ర పెట్టె తీసుకో!" అని అరుస్తూ జల్లెడ మెట్లెక్కాడు.

*

తలుపుకి గడియ లేదు.

పెద్ద మేడమ్ కిటికీ దగ్గర వాలు కుర్చీలో ఉంది. అరవై దాటిన మనిషి, ముఖమంతా చెమట. ముంజేతికి సూది, స్టాండుకి గోధుమరంగు తొడుగు. పక్కన స్టూలు మీద డాక్టరు, ఒళ్ళో మీటరు. టీపాయ్ మీద సిరంజి.

ఖాళీ సిరంజి.

"ఎంతిచ్చావు?" అన్నాడు జల్లెడ.

"ఏమిటీ దౌర్జన్యం? అక్కకి షుగరు నాలుగొందల తొంభై ఉంది. కావాలంటే చూసుకోండి." డాక్టరు మీటరు ఎత్తి చూపించాడు. చెయ్యి వణకలేదు. "ఇవ్వాల్సింది ఇచ్చాను."

"ఎవరూ... ఇన్‌స్పెక్టర్‌గారా?" అంది పెద్ద మేడమ్. నాలుక మందంగా పలికింది. "కూర్చోండి. ఫ్యాను వెయ్యరా తమ్ముడూ. ఒకటే ఉక్కపోత."

ఫ్యాను తిరుగుతూనే ఉంది.

జల్లెడ డ్రిప్ బిగించి ఆపేశాడు. "అమ్మాయ్, గ్లూకోజు. తొందరగా."

నర్సు ఎర్ర పెట్టె తెరిచింది. గ్లూకోజు సీసా మూత విరిచి మందు సిరంజిలోకి లాగింది. ఇన్‌స్పెక్టర్ అంబులెన్సుకి ఫోన్ చేశాడు. ఫోన్ జేబులో పెట్టేలోపే డాక్టరు లేచి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, ఒక్క నిమిషం ఆలోచించండి. షుగరు ఐదొందలున్న మనిషికి గ్లూకోజు ఎక్కిస్తే ఏమవుతుందో తెలుసా? మొన్న ఒకర్ని చంపిన చెయ్యి అది. మీరే అరెస్టు చెయ్యబోతున్నారు. ఇప్పుడు మీ కళ్ళ ముందు మా అక్క ప్రాణం తియ్యనిస్తారా? రేపు సమాధానం చెప్పుకోవాల్సింది మీరు. ఈ ప్రైవేటు డిటెక్టివ్ కాదు."

ఇన్‌స్పెక్టర్ మీటరు వైపు చూశాడు. నాలుగొందల తొంభై. స్పష్టంగా, నిక్కచ్చిగా. తర్వాత తోడల్లుడి వైపు తిరిగాడు.

"అన్నయ్యా. ఖాయమేనా?"

గారు లేకుండా పిలవడం పదేళ్ళలో ఇదే మొదలు.

"లెక్క తప్పితే ఆ వ్యాను నాకే ఉంచు."

ఇన్‌స్పెక్టర్ డాక్టరు భుజం పట్టుకుని గోడకి ఆనించాడు. "నువ్వే ఇవ్వమ్మా," అన్నాడు నర్సుతో.

నర్సు కదల్లేదు. చేతిలో సిరంజి. మొన్న కూడా ఇలాగే, ఎవరో ఇవ్వమన్నారు, ఇచ్చింది. పెదవి కొరుక్కుని ముందుకి అడుగేసింది.

పెద్ద మేడమ్ సూది ఉన్న చేతిని గుండెలకి హత్తుకుంది. రెండో చేత్తో ట్యూబుని గట్టిగా పట్టుకుంది. "వద్దు... ఈ పిల్ల వద్దు. టైల్స్ ఆయన్ని ఈ పిల్లే..."

"మేడమ్, చెయ్యివ్వండి. టైము లేదు," అన్నాడు జల్లెడ.

"ముట్టుకోవద్దు!"

బలవంతం చేస్తే సూది ఊడిపోతుంది. చెమటలో మళ్ళీ నరం దొరకబుచ్చుకునేటంత టైము లేదు. ఆమె కళ్ళు మూతలు పడుతున్నాయి, తెరుచుకుంటున్నాయి. జల్లెడ డాక్టరు వైపు తిరిగాడు.

"ఒక్క మాట చెప్పు. చెయ్యివ్వమని చెప్పు. నీ మాట వింటుంది."

డాక్టరు నోరు మెదపలేదు.

"తమ్ముడూ," అంది పెద్ద మేడమ్. మాట ముద్దముద్దగా వచ్చింది. "చెప్పరా. ఇవ్వనా, వద్దా?"

ఆమె మెడ తిప్పి, ఉన్న ఓపికంతా కూడదీసుకుని తమ్ముడి ముఖంలోకి చూసింది. తల్లి పోయాక ఎత్తుకుని పెంచిన ముఖం. అతను ఆమె వైపే చూస్తున్నాడు. కానీ ఆమె కళ్ళలోకి కాదు. రెప్పల మీదికి. అవి ఎప్పుడు వాలిపోతాయా అని.

అది ఆమెకి కనిపించింది.

ట్యూబుని పట్టుకున్న వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి. గుండెల మీది చెయ్యి మెల్లగా కిందికి దిగి, నర్సు ముందుకి చాచుకుంది.

"తొందరగా కానీ అమ్మా," అంది.